నాన్న లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీని బయటివాళ్లకి అమ్మొచ్చా? టెక్సస్ రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి

పాలకొల్లు_అమ్మాయి (ఫ్రిస్కో)

అందరికీ నమస్తే. పెద్ద పోస్టే, కొంచెం ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా నాన్నకి 77. 1996లో ఎడిసన్‌లో ఉన్నప్పుడు 5 లక్షల డాలర్లకి యూనివర్సల్ లైఫ్ పాలసీ (కట్టిన దాంట్లో కొంత కవరేజ్‌కి పోయి, మిగతాది వడ్డీతో లోపల పోగయ్యే రకం) తీసుకున్నారు. అప్పటినుంచీ నెలకి 240 కడుతూనే ఉన్నారు, ఒక్క నెల తప్పలేదు, అమ్మ హాస్పిటల్లో ఉన్న నెలల్లో కూడా చెక్కు రాసి పంపారు. 2022లో అమ్మ పోయాక నాన్నని మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. ఇప్పుడు కంపెనీ నుంచి లెటర్ వచ్చింది, పాలసీ నిలబడాలంటే ఇకనుంచి నెలకి 1,150 కట్టాలంట. సరెండర్ చేస్తే, అంటే పాలసీ కంపెనీకే వదిలేస్తే చేతికొచ్చేది 31 వేలు. ఇప్పటిదాకా కట్టింది లెక్కేస్తే 84 వేలు దాకా ఉంది.

ఈలోగా ఎక్కడినుంచి నంబర్ దొరికిందో తెలీదు, ఒకతను నాన్నకి ఫోన్ చేసి మీ పాలసీ మేం కొంటాం, 92 వేలు ఇస్తాం, శుక్రవారంలోపు చెప్పాలి, మళ్లీ ఈ రేటు రాదు అన్నాడంట. నాన్న నాకు చెప్పకుండానే మెడికల్ రికార్డులు ఇవ్వడానికి సంతకం పెట్టబోయారు, నేను ఆ కాగితం టేబుల్ మీద చూసి ఆపాను.

నా డౌట్లు ఏంటంటే అసలు ఒక మనిషి ప్రాణం మీద ఉన్న పాలసీని ముక్కూమొహం తెలీనివాళ్లు కొనడం లీగలేనా? పాలసీ తీసుకుంది న్యూజెర్సీలో, మేం ఉన్నది టెక్సస్‌లో, ఏ స్టేట్ రూల్ వర్తిస్తుంది? రేపు మోసం జరిగితే ఎవరిని అడగాలి? నాన్న ఒక్క మాట అన్నారు, "అమ్మేస్తే నేను ఎప్పుడు పోతానా అని ఎవరో ఎదురుచూస్తుంటారు కదమ్మా" అని. దానికి నా దగ్గర సమాధానం లేదు. అది అడిగినప్పటినుంచీ నిద్ర పట్టట్లేదు.

---

కాకినాడ_కాజా

అమ్మా ముందు ఆ శుక్రవారం డెడ్‌లైన్ సంగతి మర్చిపో. పాలసీ నిజంగా కొనదగ్గదైతే వచ్చే నెల కూడా కొంటారు. తొందరపెట్టాడంటేనే వేరే చోట రేటు కనుక్కునే టైమ్ మీకివ్వకూడదని.

నేను ఇన్సూరెన్స్ కంప్లయన్స్‌లో పదకొండేళ్లు చేశాను, లాయర్ని కాదు. తెలిసింది చెప్తా.

లీగలే. ఈ రోజుది కూడా కాదు. 1911లో యూఎస్ సుప్రీంకోర్టులో గ్రిగ్స్‌బీ వర్సెస్ రస్సెల్ అని కేసు. బర్చార్డ్ అనే ఆయనకి ఆపరేషన్ చేయించుకోవాలి, డబ్బుల్లేవు, పాలసీ ప్రీమియం కూడా కట్టలేని పరిస్థితి. తన పాలసీని గ్రిగ్స్‌బీ అనే డాక్టర్‌కి 100 డాలర్లకి రాసిచ్చాడు, ఇక మీదట ప్రీమియం డాక్టరే కట్టుకోవాలి అనే షరతు మీద. ఆయన పోయాక పాలసీ డబ్బు ఎవరిది అని గొడవొచ్చింది. జస్టిస్ హోమ్స్ తీర్పు ఏంటంటే లైఫ్ పాలసీ అంటే ఆస్తి, మన ఇల్లూ పొలం మనం అమ్ముకున్నట్టే ఇదీ అమ్ముకోవచ్చు, కాకపోతే మొదట నిజాయితీగా తన కోసం తీసుకున్న పాలసీ అయ్యుండాలి, పందెం కాయడానికి తీసుకున్నది కాకూడదు. ఇప్పటికీ మొత్తం ఈ తీర్పు మీదే నిలబడి ఉంది.

ఏ స్టేట్ అంటే, ఇక్కడ ఇన్సూరెన్స్ మీద అధికారం ఫెడరల్ వాళ్లది కాదు, 1945 మెక్‌కారన్ ఫెర్గుసన్ చట్టంతో స్టేట్లకే వదిలేశారు. ఎన్‌ఏఐసీ (అన్ని స్టేట్ల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం) 1993లో ఒక మోడల్ చట్టం రాసింది, 2007లో బాగా మార్చింది. ఇంకో మోడల్ శాసనసభ్యుల సంఘం ఎన్‌కాయిల్‌ది. స్టేట్లు కొన్ని దీన్నుంచి కొన్ని దాన్నుంచి తీసుకుని ఎవరికి వాళ్లు రాసుకున్నారు. అందుకే ఒక చోట పాలసీ తీసుకున్న రెండేళ్లకి అమ్మొచ్చు, ఇంకో చోట ఐదేళ్లు ఆగాలి. ఇప్పుడు నలభైకి పైగా స్టేట్లలో చట్టం ఉంది. మీకు వర్తించేది పాలసీ ఎక్కడ తీసుకున్నారనేది కాదు, ఓనర్ ఇప్పుడు ఎక్కడ కాపురం ఉన్నాడనేది. అంటే టెక్సస్. ఇక్కడ ఇన్సూరెన్స్ కోడ్‌లో చాప్టర్ 1111ఏ, 2011లో వచ్చింది. నాన్నగారి పాలసీకి దాదాపు ముప్పై ఏళ్లు కాబట్టి వెయిటింగ్ పీరియడ్ బాధ లేదు.

నువ్వు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఫోన్ చేసినవాడి కంపెనీ పేరు, లైసెన్స్ నంబర్ అడుగు. టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో వెతుకు. లైసెన్స్ లేకపోతే కంప్లయింట్ కూడా అక్కడే పెట్టొచ్చు. ఉంటే, అతను బ్రోకరా ప్రొవైడరా అని చూడు. ఇది చాలామందికి తెలీదు. ప్రొవైడర్ అంటే కొనేవాడు, వాడు తక్కువకి కొనాలనే చూస్తాడు, అందులో తప్పేం లేదు, వ్యాపారం. బ్రోకర్ అంటే మీ తరఫున నాలుగైదు చోట్ల బేరమాడేవాడు, చట్ట ప్రకారం మీ లాభం చూడాల్సిన బాధ్యత వాడిది. మీకు ఫోన్ చేసినవాడు నేరుగా కొనేవాడిలాగే ఉన్నాడు. ఒక్కడే కొనేవాడు ఉన్న సంతలో గేదెకి ఏం రేటు వస్తుందో పల్లెటూరి వాళ్లకి చెప్పక్కర్లేదు.

---

పాలకొల్లు_అమ్మాయి

చాలా థ్యాంక్స్ అండి. బ్రోకర్ ఎంత తీసుకుంటాడు మరి? వాడికి ఇస్తే మళ్లీ అదే 92 కి వచ్చేస్తామేమో.

---

కాకినాడ_కాజా

తీసుకుంటాడు, బాగానే తీసుకుంటాడు. అందుకే కమిషన్ ఎంతో కాగితం మీద చూపించాలని రూల్ పెట్టారు. ఏ కంపెనీ ఎంత ఆఫర్ చేసింది, అందులో బ్రోకర్‌కి ఎంత, మీకు మిగిలేది ఎంత అని ఆఫర్లన్నీ అడిగి రాయించుకో. కొంతమంది పాలసీ మొత్తం మీద శాతం అడుగుతారు, 5 లక్షల మీద శాతం అంటే చిన్నగా కనిపించి చివర్లో పెద్ద మొత్తం అవుతుంది. వచ్చిన ఆఫర్ మీద ఎంత అని మాట్లాడుకో.

---

ఎడిసన్_సుజాత

పాలకొల్లు_అమ్మాయి, నీ ఆఖరి మాట చదివి లాగిన్ అయ్యానమ్మా. మా నాన్నగారు 2017లో అమ్మారు, మాది న్యూజెర్సీ. లీగల్ సంగతి కాజా గారు చెప్పారు కదా, నేను ఆ తర్వాత ఇంట్లో ఎలా ఉంటుందో చెప్తా.

అమ్మే ముందు చాలా కాగితాలు. గత ఐదారేళ్ల మెడికల్ రికార్డులు మొత్తం తీసుకుంటారు, వాటిని చూసి ఈ మనిషి ఇంకెన్నాళ్లు ఉండొచ్చు అని ఒక రిపోర్టు రాయిస్తారు. ఆ రిపోర్టు పొరపాటున కూడా నాన్నకి చూపించకు. మా బ్రోకర్ ఈమెయిల్‌లో పెట్టేశాడు, నాన్నగారు తెరిచి చూశారు, అందులో నెలల్లో రాసి ఉంది. ఆ రోజు ఆయన ఏం మాట్లాడలేదు, సాయంత్రం వాకింగ్‌కి కూడా వెళ్లలేదు. అది నా తప్పే, మెయిల్ ఐడీ నాది ఇవ్వాల్సింది.

తర్వాత ఆయన డాక్టర్ దగ్గర ఒక లెటర్ తీసుకున్నాం, ఈయన స్వస్థచిత్తుడు, ఎవరి బలవంతమూ లేదు అని. ఆ లెటర్ లేనిదే కాంట్రాక్టు ముందుకి వెళ్లదు. డాక్టర్ మమ్మల్ని గది బయటికి పంపించి నాన్నగారితో ఒక్కరితోనే మాట్లాడారు. అప్పుడు చిరాకేసింది కానీ తర్వాత ఆలోచిస్తే అదే కరెక్ట్. పిల్లలే బలవంతంగా అమ్మిస్తున్నారేమో ఎవరికి తెలుసు.

డబ్బు ఎస్క్రోలో పెట్టారు, అంటే మధ్యలో వేరేవాళ్ల దగ్గర. ఓనర్ మారినట్టు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కన్ఫర్మేషన్ వచ్చాక మూడు పనిదినాల్లో మా అకౌంట్‌లో పడింది. డబ్బు చేతికొచ్చాక కూడా మనసు మార్చుకోవడానికి కొన్ని రోజుల గడువు ఉంటుంది, ఎన్ని రోజులనేది స్టేట్‌ని బట్టి, కాంట్రాక్టులో రాసి ఉంటుంది చూసుకో. ఆ గడువులోపు మనిషి పోతే కాంట్రాక్టు రద్దయినట్టే లెక్క, తీసుకున్న డబ్బు తిరిగి కట్టేస్తే పాలసీ డబ్బు ఇంట్లోవాళ్లకే వస్తుంది. ఈ క్లాజు నీ కాంట్రాక్టులో ఉందో లేదో వేలు పెట్టి చదువు.

ఇక నాన్న అడిగిన దానికి. అవునమ్మా, ఎదురుచూస్తారు. మూడు నెలలకోసారి ఒక కవర్ వచ్చేది, లోపల చిన్న కార్డు, ఆయన ఉన్నారా, అడ్రస్ మారిందా అని, టిక్కు పెట్టి సంతకం చేసి పంపాలి. మొదటి కవర్ అమ్మ తెరిచింది. వంటగదిలో నిలబడి చదివి, దాన్ని పోపుడబ్బా కింద పెట్టేసి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. చట్టంలో దీనికి కూడా హద్దు పెట్టారని తర్వాత తెలిసింది, మామూలుగా మూడు నెలలకోసారి మించి అడగకూడదు, ఏడాది లోపే అనుకున్న వాళ్ల విషయంలో అయితే నెలకోసారి. ఎవరిని అడగాలో కూడా మనమే పేరు ఇవ్వొచ్చు. నేను ఫోన్ చేసి కాంటాక్ట్ నా పేరు మీదికి మార్పించాను. అప్పటినుంచి కవర్లు మా ఇంటికే వచ్చేవి, నేనే టిక్కు పెట్టేదాన్ని. నాన్నగారు రిపోర్టులో రాసినదానికన్నా నాలుగేళ్లు ఎక్కువ ఉన్నారు, మనవరాలి గ్రాడ్యుయేషన్ చూశారు. ఆ డబ్బుతో రెండేళ్లు ఇంటికి నర్సుని పెట్టుకోగలిగాం. మా అమ్మ నడుము నిలబడిందంటే అందువల్లే.

అమ్మొద్దు అనను, అమ్ము అనీ అనను. కాంటాక్ట్ పేరు మాత్రం మొదటి రోజే నీది రాయించు.

---

సీపీఏ_మూర్తి (ఆస్టిన్)

టాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. నాన్నగారు కట్టింది 84 వేలు, అది ఆయన పెట్టుబడి కింద లెక్క, అంతవరకు టాక్స్ లేదు. దాని పైన సరెండర్ వాల్యూ దాకా ఉన్న లాభం మామూలు ఆదాయం, సరెండర్ వాల్యూ దాటింది క్యాపిటల్ గెయిన్, అంటే ఆస్తి అమ్మితే వచ్చే లాభం. మీ కేసులో సరెండర్ వాల్యూ 31 వేలే, కట్టినదానికన్నా తక్కువ, కాబట్టి మధ్య మెట్టు లేనే లేదు. 92 కి అమ్మితే 8 వేలు క్యాపిటల్ గెయిన్. అంతే.

ఇంతకుముందు ఐఆర్ఎస్ (ఇక్కడి టాక్స్ శాఖ) 2009లో ఒక రూలింగ్ ఇచ్చి, కట్టిన ప్రీమియంలోంచి ఇన్నేళ్లూ కవరేజ్‌కి అయిన ఖర్చు తీసేసి మిగిలిందే పెట్టుబడి అనేది, పెద్దవాళ్లు దానివల్ల చాలా నష్టపోయారు. 2017 డిసెంబర్ టాక్స్ చట్టంలో అది ఎత్తేశారు. పాత ఆర్టికల్స్ చదివి భయపడకండి. 1099-ఎల్ఎస్ అని ఫారం వస్తుంది, పారేయొద్దు.

ఇంకోటి, డాక్టరు 24 నెలల్లోపే అని సర్టిఫై చేసిన పేషెంట్ లైసెన్స్ ఉన్నవాళ్లకి అమ్మితే అసలు టాక్సే లేదు, 1996 హిపా చట్టంలోనే పెట్టారు. అది ఎయిడ్స్ రోగుల కోసం వచ్చింది. ఎనభైల చివర్లో ఉద్యోగం పోయి అద్దె కట్టలేని కుర్రాళ్లు, పెళ్లాం పిల్లలు లేనివాళ్లు, ఉన్న ఒక్క పాలసీ అమ్ముకుని మందులు కొనుక్కునేవారు. దానికి వయాటికల్ అని పేరు, లాటిన్‌లో వయాటికమ్ అంటే ప్రయాణానికి ఇచ్చే డబ్బూ తిండీ, అచ్చం మన దారిబత్తెం. నాన్నగారికి ఆ మాట చెప్పి చూడండి. ఎవడో పందెం కాస్తున్నాడు అనుకోవడం వేరు, ముప్పై ఏళ్లు కట్టిన డబ్బులోంచి తన దారిబత్తెం తనే తీసుకుంటున్నాను అనుకోవడం వేరు.

---

వరంగల్_టు_వేకో

చెల్లె, జర ఆగు. అమ్ముడు గురించే అందరు చెప్తున్నరు, ఉంచుకునుడు గురించి ఎవ్వరు చెప్తలేరు.

నెలకు 1,150 అంటే ఏడాదికి 13,800. మీరు ఎంతమంది అన్నదమ్ములు అక్కచెల్లెండ్లు? ముగ్గురుంటే తలా 383. ఎనిమిదేండ్లు కట్టినా లక్షా పదివేలు, వచ్చేది 5 లక్షలు. కొనేటోడు ఇదే లెక్క జేసుకుని కొంటున్నడు గదా, ఆ లెక్క మీరెందుకు చేసుకోవద్దు? కాకపోతే ఆ 1,150 ఎప్పటికీ అంతే ఉంటదనుకోకు, వయసు పెరిగిన కొద్ది కవరేజ్ ఖర్చు పెరుగుతనే ఉంటది. 90లల్ల వడ్డీ ఎక్కువ వస్తదనుకుని ఈ పాలసీలు అమ్మిన్రు, వడ్డీలు పడిపోయినయ్, లోపలి డబ్బు కరిగిపోయింది, అందుకే ఇప్పుడు ఈ లెటర్. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ జేసి ఇన్‌ఫోర్స్ ఇల్లస్ట్రేషన్ అడుగు, 85 దాకా, 90 దాకా, 95 దాకా ఎంత కట్టాలె అని మూడు కాగితాలు. పైసలు తీసుకోరు. 5 లక్షలను 2 లక్షలకు తగ్గిస్తే ఎంత అని గూడ అడుగు. పెద్ద జబ్బు జేస్తే ముందే కొంత ఇచ్చే రైడర్ ఉందా అని గూడ అడుగు, శానమంది పాలసీలల్ల ఉంటది, వాళ్లకే తెల్వది.

నేనుండేది వేకోల గాబట్టి ఇంకో మాట. రెండో దిక్కు, అంటే ఆ పాలసీలు కొనుక్కునే ఇన్వెస్టర్ల దిక్కు, ఈ ఊర్ల ఏం జరిగిందో కండ్ల ముందరే ఉంది. లైఫ్ పార్ట్‌నర్స్ అని ఇక్కడి కంపెనీ, పాలసీలను ముక్కలు జేసి మామూలు జనాలకు అమ్మింది, మనుషులు తొందరగ పోతరు అన్నట్టు ఆయుష్షు తక్కువ చూపెట్టి. 2012ల ఎస్ఈసీ (షేర్లు, పెట్టుబడుల మార్కెట్‌ను సూసుకునే ఫెడరల్ సంస్థ) కేసు వెట్టింది, 2015 జనవరిల దివాలా తీసింది. అదే ఏడు టెక్సస్ సుప్రీంకోర్టు ఇవి సెక్యూరిటీలే, అంటే షేర్ల లెక్క పెట్టుబడులే, ఆ చట్టం కిందికే వస్తయి అని చెప్పింది. రిటైర్ అయిన టీచర్ల అసొంటోళ్లు దాచుకున్న పైసలు ఇరుక్కున్నయ్. గందుకే అమ్మేటోళ్లను ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ సూసుకుంటది, ఇన్వెస్టర్లను సెక్యూరిటీస్ చట్టం సూసుకుంటది. ఎవరన్న డాలస్‌ల మీటింగ్ పెట్టి "పెద్దోళ్ల పాలసీలల్ల ఇన్వెస్ట్ చెయ్యండి, గ్యారంటీ" అంటే దండం వెట్టి లేచి రా.

---

మధురవాడ_మధు

సందులో సడేమియా అనుకోకండి, పెద్దవాళ్లకి పాలసీ కొత్తగా తీయించి అమ్మించే బ్యాచ్ గురించి కూడా చెప్పాలి. 2006 ప్రాంతంలో మా పెదనాన్నకి ఒకడు వచ్చి, మీ పేరు మీద 20 లక్షల డాలర్ల పాలసీ తీద్దాం, రెండేళ్లు ప్రీమియం మేమే కడతాం, తర్వాత మాకు రాసిచ్చేయండి, మీకు ఊరికే డబ్బులు అన్నాడు. ఆయన సంతకం పెట్టలేదు, ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడురా అన్నారు. ఇలాంటి వాటిని స్టోలీ అంటారు. డెలావేర్ సుప్రీంకోర్టు 2011లో ఇలాంటిది పందెం కిందే లెక్క, పాలసీ మొదటినుంచీ చెల్లదు, రెండేళ్లు దాటినా సరే అంది. 2019లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. న్యూయార్క్‌లో మాత్రం 2010లో పాత చట్టం ప్రకారం తప్పులేదని తీర్పొచ్చింది, కానీ అప్పటికే అక్కడ కొత్త చట్టం చేసి ముందుముందు ఇలాంటివి కుదరకుండా చేశారు. ఒకే దేశం, హడ్సన్ నది దాటితే రూలు వేరు. మీ నాన్నగారిది 96 నాటి సొంత పాలసీ కాబట్టి మీకు ఆ సమస్య లేదు.

ఒక డౌట్, ఇండియాలో మా అమ్మ ఎల్ఐసీ పాలసీ ఉంది. అక్కడ కూడా ఇలా అమ్మొచ్చా?

---

కాకినాడ_కాజా

మధు, అక్కడ కథ వేరు. పాలసీని ఇంకొకరి పేర రాసివ్వడాన్ని అసైన్‌మెంట్ అంటారు, ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 38. పాలసీలు కొని మళ్లీ అమ్మే కంపెనీ ఒకటి ముంబైలో మొదలైతే, ఇది వ్యాపారం, మేం రిజిస్టర్ చేయం అని ఎల్ఐసీ సర్క్యులర్లు ఇచ్చింది. 2007లో బాంబే హైకోర్టు ఆ సర్క్యులర్లు చెల్లవు అంది, 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ వైపే చెప్పింది. కానీ అప్పటికే చట్టం మారిపోయింది. 2015 సవరణ ప్రకారం ఆ అసైన్‌మెంట్ వ్యాపారం కోసం అని కానీ, పాలసీదారుడికి మంచిది కాదని కానీ అనిపిస్తే కంపెనీ కాదనొచ్చు, కారణం రాసి 30 రోజుల్లో చెప్పాలి, దాని మీద ఐఆర్‌డీఏఐకి (అక్కడి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థకి) వెళ్లొచ్చు. కాబట్టి బ్యాంకు లోనుకి అసైన్ చేయడం, కొడుకు పేర రాయడం మామూలే కానీ ఇక్కడిలాంటి మార్కెట్ అక్కడ లేదు. అమ్మగారికి డబ్బు అవసరమైతే పాలసీ మీద లోను తీసుకోమను.

నా మాట అడిగితే ఇండియాలో కూడా లైసెన్సులు, ఎస్క్రో, గడువు అన్నీ పెట్టి తెరవాలి. రెండు మూడేళ్లు కట్టి ఆపేసినవాళ్లు చేతికొచ్చిన చిల్లర తీసుకుని పోతున్నారు, వాళ్లకి ఇంకో దారి ఉండాలి.

---

పాలకొల్లు_అమ్మాయి

అప్‌డేట్. ఆరు వారాలైంది, సారీ ఆలస్యమైంది.

ఆ ఫోన్ చేసినతన్ని లైసెన్స్ నంబర్ అడిగితే పంపిస్తా అన్నాడు, ఇప్పటిదాకా పంపలేదు, ఫోనూ చేయలేదు. కంప్లయింట్ పెట్టాను. కాజా గారు చెప్పినట్టు లైసెన్స్ ఉన్న బ్రోకర్‌ని పట్టుకున్నాం, నాలుగు కంపెనీలు చూశాయి, రెండు వద్దన్నాయి, మిగతా రెండింట్లో పెద్ద ఆఫర్ కమిషన్ పోను 1,31,000. మూర్తి గారి లెక్కన 47 వేలు క్యాపిటల్ గెయిన్.

వేకో అన్న చెప్పినట్టు ఇల్లస్ట్రేషన్లు కూడా తెప్పించాను. 85 తర్వాత ప్రీమియం చూసి తమ్ముడూ అన్నయ్యా ఇద్దరూ మాట్లాడలేదు. 2 లక్షలకి తగ్గిస్తే మేం ముగ్గురం కట్టగలిగేలా ఉంది. అంటే ఇప్పుడు రెండు దారులున్నాయి. ఆ కాగితాలు రెండూ నాన్న ముందు పెట్టి మేం ముగ్గురం ఏం మాట్లాడకుండా కూర్చున్నాం. ఆయుష్షు రిపోర్టు మాత్రం నా మెయిల్‌కే తెప్పించాను సుజాతక్కా, ఆయనకి చూపించలేదు.

నాన్న కళ్లజోడు పెట్టుకుని గంటసేపు చదివారు. తర్వాత దారిబత్తెం మాట చెప్పాను. మా నాయనమ్మ ప్రయాణానికి అటుకులూ బెల్లం మూట కట్టిచ్చేదట, రైలు ఏలూరు దాటకుండానే అయిపోయేదట, అది గుర్తు చేసుకున్నారు. చివరికి అమ్ముదాం అన్నారు. అందులోంచి 40 వేలు పాలకొల్లులో అమ్మ చదివిన స్కూలుకి ఇవ్వాలట, అది మాత్రం కాదనొద్దు అన్నారు.

డాక్టర్ లెటర్ కోసం మంగళవారం పొద్దున్న పదింటికి అపాయింట్‌మెంట్. నేను గది బయటే కూర్చుంటాను. కాంటాక్ట్ పేరు నాది రాయించాను.